నాలుగు వేళ్ళ వదులు

యంత్రం అబద్ధం చెప్పదని మీకు కాలేజీలో చెప్పి ఉంటారు. నిజమే, చెప్పదు. కానీ దానికి మనం ఏ పేరు పెడితే ఆ పేరే చెప్తుంది. తప్పు పేరు పెడితే ఆ తప్పు పేరునే తడబడకుండా చెప్తుంది. ఈ సంగతి నాకు తెలిసిన రోజున ఒక మనిషి ఇంజనుకు ఆరడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. అందుకే రాస్తున్నాను. లేకపోతే నాకు రాసే సరదా ఏమీ లేదు.

నాది ఆళ్లగడ్డ. పెళ్ళయి నంద్యాల వచ్చాక పాతికేళ్ళు బోరు మోటార్లు చుట్టాను. మా ఆయన మోటారు విప్పేవాడు, నేను తీగ చుట్టేదాన్ని. ఆయన పోయాక అంగడి ఒక్కదాన్నే నడపలేక మూసేశాను. అప్పుడే ఒక విత్తనాల వ్యాపారి కొడుకు, బయట ఎక్కడో విమాన ఇంజన్ల పని నేర్చుకుని తిరిగి వచ్చి, తండ్రి గోదాములో సగం తీసుకుని వర్క్‌షాపు పెట్టాడు. సన్న తీగ తెగకుండా పట్టుకునే చేతులు కావాలని ఆయన అడుగుతుంటే ఎవరో నన్ను చూపించారు. చదవడం వచ్చా అని అడిగాడు. రాదన్నాను. రంగులు తెలుస్తాయా అన్నాడు.

"కండ్లు బాగనే ఉండాయి సార్" అన్నాను. చేర్చుకున్నాడు.

ఆయన చేస్తున్నది చిన్న విమాన ఇంజను. అందులో కొత్తదనం దాన్ని నడిపే పద్ధతిలో ఉంది. పాత పద్ధతిలో ఒకటే పెద్ద పెట్టె. ఇంధనం పంపు నుంచి, కవాటాల నుంచి, ప్రతిదాని నుంచీ తీగలన్నీ ఆ పెట్టెకే పోవాలి. కట్ట మనిషి చెయ్యంత లావు అవుతుంది. మా సారు పద్ధతిలో పంపులూ కవాటాలూ కరెంటు మోటార్లతో తిరుగుతాయి. ఒక్కో మోటారు పక్కన అరచేతిలో పట్టే చిన్న పెట్టె ఉంటుంది. పైనుంచి దానికి వచ్చే మాట ఒక్కటే: ఇంత తెరువు, ఇంత మూయి. ఎలా తెరవాలో అది చూసుకుంటుంది. ప్రతి చిన్నదానికీ ఇంటి పెద్దను అడగకుండా ఎవరి పని వాళ్ళు చేసుకునే ఇల్లు లాంటిది. తీగల కట్ట బొటనవేలంత అయిపోయింది.

ఆ చిన్న పెట్టెలన్నీ ఒకే అచ్చు. ఒకటి చెడితే ఇంకొకటి తెచ్చి పెట్టుకోవచ్చు. మా సారు గొప్పగా చెప్పుకునేది కూడా అదే. మరి ఏ పెట్టెకైనా తాను ఎవరో ఎలా తెలుస్తుంది? తీగ చివర ఉండే ప్లగ్గు చెప్తుంది. ప్లగ్గు లోపల నేను చిన్న తీగముక్క అతికించేదాన్ని. ఒక ముక్క ఉంటే, నువ్వు ఇంజన్లోకి వచ్చే గాలికి అడ్డంగా ఉండే రెక్కలను తిప్పేదానివి అని అర్థం. రెండు ముక్కలుంటే, నువ్వు ఎక్కువైన గాలిని బయటికి వదిలేదానివి అని అర్థం. ప్లగ్గు మూసేస్తే ముక్కలు కనపడవు. పెద్ద కంపెనీల్లో ఒక్కో ప్లగ్గు ఒక్కో ఆకారంలో ఉంటుందట, తప్పుచోట దూరదట. మాకు దొరికినవన్నీ ఒకే రకం.

చదువు రాదు కాబట్టి గుర్తుకు నేను మైనపు దారంతో ముడులు వేసేదాన్ని. రెక్కల ప్లగ్గు వెనక ఒక ముడి, గాలి ప్లగ్గు వెనక రెండు. ఇంధనానికి మూడు. మూడేళ్ళు అలాగే నడిచింది. ఎవరికీ అడ్డం రాలేదు.

మా పని బెంచీ దగ్గర డిప్లొమా చదివిన ఒక అమ్మాయి ఉండేది. నాకు యాభై ఆరేళ్ళప్పుడు ఆమె అక్షరాలు నేర్పింది. మధ్యాహ్నం రొట్టె తిన్నాక అరగంట. "పెద్దమ్మా, నువ్వు ముడులేసే చేతితో దీర్ఘాలు కూడా ముడేస్తాండావు, కొంచెం వదులుగా రాయి" అని నవ్వేది. ఏడాదికి చదవడం వచ్చింది. బస్సు బోర్డులు, మందుల చీటీలు, గోడల మీద బొమ్మల కింద పేర్లు, ఏదీ వదలకుండా చదివేదాన్ని. రాత మాత్రం నెమ్మదిగా వచ్చింది.

చదువు వచ్చాక నాకు ముడులంటే సిగ్గేసింది. ఉన్నమాట చెప్తున్నాను. ముడులు మానేసి ఇకమీదట తీగలకు పేర్లు నేనే రాస్తానని సారుతో అన్నాను. పేరు రాసే స్లీవు అని ఒకటి ఉంటుంది, సన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క. దాన్ని తీగకు తొడిగి వేడిగాలి పెడితే ముడుచుకుని గట్టిగా పట్టుకుంటుంది. ఒకే ఒక షరతు ఉంది. ప్లగ్గు అతికించక ముందే దాన్ని తొడగాలి. అతికించాక గుర్తొస్తే ప్లగ్గు ఊడదీయాల్సిందే. దారానికి ఆ గొడవ లేదు, ఎప్పుడైనా కట్టుకోవచ్చు. నా చేతులు దారానికి అలవాటు పడిన చేతులు.

ఇంజను నడిపి చూసేది ఆళ్లగడ్డ దాటాక, పనిచేయని ఒక రాతి గనిలో. మూడు పక్కలా కోసిన రాతిగోడ, పైన రేకులు. చప్పుడు ఊళ్ళకు పోకుండా రాయి మింగేస్తుందని ఆ చోటు తీసుకున్నారు. యాభై అడుగుల దూరంలో మేము కూర్చునే గది. అంతకు ముందు ఏడాది ఒకసారి నడిపేటప్పుడు ఇంజనుకు గాలి ఎదురుతన్ని, లోపల తిరిగే ఆకు ఒకటి విరిగి రేకును చీల్చుకుని ఎగిరిపోయింది. ఆ రేకు మార్చలేదు. ఆ చిల్లులోంచి ఎండ పడేది. పడినచోటే మా ఫిట్టరు నిలబడేవాడు.

ఫిట్టరుది వెలుగోడు. ట్రాక్టర్లు, డీజిల్ ఇంజన్లు చేసి చేసి వచ్చినవాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇంజను మొదలయ్యేటప్పుడు అడ్డగోడ చాటున ఉండి, నిలకడకు రాగానే దగ్గరికి వెళ్ళి ఇంధనం ఎక్కడైనా కారుతోందేమో చూడడం అతని పని. ఇప్పుడు ఎవరూ అలా చేయరు, చేయకూడదు. అప్పుడు మేము చేశాము.

ఇది జరిగిన వారం బయటినుంచి ముగ్గురు పెద్దలు ఇంజను చూడడానికి వస్తామన్నారు. వాళ్ళకు నచ్చితే పని ముందుకు పోతుంది, లేదంటే గోదాములోకి మళ్ళీ విత్తనాల బస్తాలు వస్తాయి. అనుకున్నదానికి రెండు రోజుల ముందే, రేపే వస్తున్నామని ఫోన్ చేశారు. అప్పటికి రెక్కలదీ గాలిదీ ప్లగ్గులు రెండూ వేడికి కందిపోయి ఉన్నాయి. కొత్తవి వేయమని సారు కట్ట తెచ్చి బెంచీ మీద పెట్టాడు. వేశాను. లోపల ముక్కలు సరిగ్గానే అతికించాను. ప్లగ్గులు మూశాను. అప్పుడు చూస్తే పేర్లు రాసిన స్లీవులు రెండూ పళ్ళెంలోనే ఉన్నాయి.

తొడగడం మరిచిపోయాను. ఈ పని చేసినవాళ్ళు ఒక్కసారైనా మరిచిపోని వాళ్ళుండరు. ఊడదీసి మళ్ళీ అతికించడానికి గంట పడుతుంది. డిప్లొమా అమ్మాయి చూస్తోంది. పేర్లు నేనే రాస్తానని గొప్పలు పోయిందాన్ని, ఆమె ముందు ఊడదీయడానికి నామోషీ అయింది. ముందు కట్ట అడుగుపక్క తీగలను కలిపి పట్టే దారం కుట్టు పూర్తిచేద్దామని దాన్ని బోర్లా తిప్పాను. కుట్టు అయ్యాక స్లీవులను నిలువునా కోసి, ప్లగ్గుల వెనక చుట్టి, పైన సన్న టేపు వేశాను. కట్ట బోర్లా ఉందన్న సంగతి మరిచాను. బోర్లిస్తే కుడి ఎడమవుతుంది.

ముడి అయితే తీగతోపాటే తిరిగేది.

మరుసటి రోజు పెద్దలు వచ్చారు. ఉగ్గాని, బజ్జీ పెట్టించాము. అందరికంటే పెద్దాయన తక్కువ మాటలవాడు, కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నీ చూశాడు. మా సారు ఒక్కో పెట్టె సంగతి చెప్తూ, తీగల దగ్గరికి వచ్చి నన్ను చూపించాడు. ఈమె యాభై ఆరేళ్ళకు అక్షరాలు నేర్చుకుంది, ఈ పేర్లు ఈమె చేతి రాతే అన్నాడు. పెద్దాయన వంగి చదివి తల ఊపాడు. నాకు ఒళ్ళంతా పొంగింది.

ఇంజను వేయకముందు ఒకసారి ఉత్తుత్తిగా అన్నిటినీ కదిలించి చూడాలి. సారు గదిలోంచి మీట నొక్కుతాడు, ఇంజను దగ్గరున్న ఫిట్టరు చూసి మైకులో చెప్తాడు. ఆ రోజు ఇంధనం గొట్టం బిగువు చివరి నిమిషంలో సరిచేస్తున్నాడు. రెక్కలు అని సారు అడిగితే అయింది సార్ అన్నాడు. గాలి అంటే అయింది సార్ అన్నాడు. మోటారు గుర్రుమంది కదా, ఏదో ఒకటి కదిలింది. మన పక్క అయిందా అని అడిగితే అయింది అనడమే మర్యాద. దర్జీ అంటాడు, పెండ్లి వంటవాడు అంటాడు. అది పని చూసి చెప్పే మాట కాదు, అడిగినవాడి మొహం చూసి చెప్పే మాట. ఆ రోజు అడిగినవాడి వెనక ముగ్గురు పెద్దలు నిలబడి ఉన్నారు.

చెవుల మీద పెట్టుకునే మూతలు తీసుకోవడానికి ఫిట్టరు గదికి వచ్చాడు. తలుపు దగ్గర చెంబెత్తి నీళ్ళు తాగుతూ నాతో అన్నాడు.

"అక్కా, చదువొచ్చినాక తీగకు కూడా పిసినారితనం నేర్చినావే. కుడిపక్కది బిగువుగా వచ్చింది. లాగి పెట్టినా."

"నా తీగ బిగువుగా రాదప్పా."

"అట్లయితే ఇంజను లావైనట్టుంది లేక్కా" అని నవ్వి వెళ్ళిపోయాడు.

నేనూ నవ్వాను. పెద్దలకు కుర్చీలు జరుపుతున్నాను. సారు మోటారు తిప్పాడు, ఇంజను మెల్లగా ఈలవేయడం మొదలుపెట్టింది.

నా తీగ బిగువుగా రాదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఏ తీగైనా ప్లగ్గు దగ్గర నాలుగు వేళ్ళు దూరేంత వదులు పెట్టే కత్తిరిస్తాను. బోరు మోటార్ల కాలం నుంచీ అంతే. ఇంజను వేడికి పెరుగుతుంది, అదురుతుంది, బిగువుగా ఉన్న తీగ తెగుతుంది. కుడిపక్కకు పోయే రెక్కల తీగ ఒక గొట్టం కిందినుంచి పోవాలని ఎడమదానికంటే నాలుగు వేళ్ళు పొడుగ్గా కత్తిరించాను కూడా. మరి కుడిపక్కది బిగువుగా వచ్చిందంటే కుడిపక్క ఉన్నది నా కుడి తీగ కాదు.

అప్పుడు బెంచీ కళ్ళ ముందుకు వచ్చింది. బోర్లించిన కట్ట, టేపు.

ఈల సన్నబడుతోంది. గాలి వదలమంటే రెక్కలు తిరుగుతాయి, రెక్కలు తిప్పమంటే గాలి పోతుంది. వేగం పెరిగే కొద్దీ ఇంజనుకు ఊపిరి అడ్డం తిరుగుతుంది. పోయిన ఏడాది ఆకు ఎగిరింది అలాంటప్పుడే. అద్దంలోంచి చూశాను. ఫిట్టరు అడ్డగోడ చాటున, రేకు చిల్లు కింద ఎండలో ఉన్నాడు. నిలకడకు రాగానే గోడ దాటి ముందుకు పోతాడు.

నేను వెంటనే నోరు తెరవలేదు. ఎంతసేపని అడగొద్దు, లెక్కపెట్టలేదు. నా రాతను తల ఊపుతూ చదివిన పెద్దాయన నా పక్కనే ఉన్నాడు. ఆ ఆలోచనతో కొంతసేపు పోయింది. ఒక మనిషి ప్రాణం ఒక పక్క, నా చేతిరాత ఒక పక్క పెట్టి నేను ఆలోచించాను. ఇది మీరు తెలుసుకోవాలి.

తర్వాత సారు భుజం తట్టాను.

"సార్, ఆపండి. రెక్కలదీ గాలిదీ తారుమారైనాయి."

ఆయన తెరవైపు చూపించాడు. "అన్నీ పచ్చగానే ఉన్నాయమ్మా. ప్రతి పెట్టె బాగున్నానని చెప్తోంది."

"బాగుండాననే చెప్తాది సార్. తానెవరనేదే తప్పు చెప్తాండాది."

ఆయనకు అర్థం కాలేదు. ఒక్క నిమిషం ఉండమని చెయ్యెత్తి ఇంధనం మీట మీదికి వేలు పోనిచ్చాడు. లోపల నిప్పంటుకున్న చప్పుడు వచ్చింది. ఫిట్టరు గోడ అంచుకు వచ్చాడు.

ఆపే ఎర్ర బొత్తాం మీద ఒక బోర్డు ఉంటుంది. అనుమానం వచ్చినవారు ఎవరైనా నొక్కవచ్చు, కారణం తర్వాత అడుగుతాము అని. మూడేళ్ళు దాని కింద కూర్చుని కూడా నాలాంటి దాని కోసం రాశారని తెలియలేదు. ఆ సంవత్సరమే చదివాను. నొక్కాను.

ఇంజను అప్పటికే ఒకసారి గట్టిగా దగ్గింది. అద్దాలు అదిరాయి. తర్వాత చప్పుడు దిగిపోయింది. ఫిట్టరు అక్కడే నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని.

అందరం ఇంజను దగ్గరికి వెళ్ళాము. సారు ప్లగ్గులు తీయించి, ఒక్కొక్కటే తెరిచాడు. రెక్కలు అని రాసినదాంట్లో రెండు ముక్కలు. గాలి అని రాసినదాంట్లో ఒకటి. సారు మొహం పాలిపోయింది. పెద్దాయన అడిగాడు, ఇది ఎవరు చేశారని.

ఫిట్టరు నా టేపు చూశాడు. నన్ను చూశాడు. మూడేళ్ళు నా ముడులు చూసినవాడు, జరిగింది అతనికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

"నేనే సార్. పేర్లు ఊడొచ్చింటే మళ్ళీ అంటించినా. తిరగేసి అంటించినట్టుండా."

నేను మాట్లాడలేదు.

పెద్దాయన గొంతు పెంచలేదు. ఇలాంటి మనిషిని ఇంజను దరిదాపుల్లో ఉంచకూడదని మా సారుతో అన్నాడు. ఉంచనని సారు మాట ఇచ్చాడు. తర్వాత పెద్దాయన నావైపు తిరిగి, నీకెలా తెలిసిందమ్మా అని అడిగాడు. బిగువు సంగతి చెప్పాను. ఆయన చేతులు జోడించాడు. ఈమెను బాగా చూసుకోండి అన్నాడు. నేనూ చేతులు జోడించాను. ఆ నమస్కారం ఇప్పటికీ నా మీద ఉంది.

ఫిట్టరు బండి తీస్తుంటే వెనకాలే పోయాను. ఎందుకట్ల చెప్పినావప్పా అని అడిగాను.

"నాకు వెలుగోడులో ట్రాక్టర్లు ఉండాయిలేక్కా. నీకేముండాది?" అన్నాడు. కోపం లేదు. అదే నాకు కష్టమైంది. బండెక్కి కూర్చుని, "అయిందని నేను కూడా సూడకుండానే చెప్పినా" అని గొణిగి కిక్కు కొట్టాడు.

సాయంత్రం నాలుగుకు నంద్యాల వచ్చాము. నడిపిన ప్రతిరోజూ రిజిస్టరులో రాయాలి. ఏ రోజు, ఏం జరిగింది, ఎందుకు జరిగింది. డిప్లొమా అమ్మాయి రాస్తుంది, మేము సంతకాలు పెడతాము. అన్నీ రాసి, కారణం అన్న చోట కలం ఆపింది. ఫిట్టరు పొరపాటు అని రాయనా పెద్దమ్మా అని అడిగింది. ఆమె కూడా నిన్న బెంచీ దగ్గరే ఉంది. ఆమెకూ తెలుసు. తెలిసే అడిగింది.

"ఇట్లియ్యి" అన్నాను.

అప్పటిదాకా నేను రాసినవన్నీ ఒక్కో మాటే. రెక్కలు, గాలి, ఇంధనం. వాక్యం ఎప్పుడూ రాయలేదు. మొదటిసారి రాసినవి మూడు. పేర్లు తారుమారుగా అంటించింది నేను. స్లీవు ముందుగా తొడగడం మరిచి దాచాను. ఫిట్టరుది తప్పు కాదు. బోరు మోటారు చుట్టడానికైనా అంత చెమట పట్టలేదు. ఆ అమ్మాయి తప్పులు దిద్దబోయింది. వద్దన్నాను.

సారు చదివాడు. "పొద్దున వాళ్ళ ముందు చెప్పి ఉండాల్సింది కదమ్మా" అన్నాడు. అంతే. నా ముందే ఆ పుట ఫొటో తీసి పెద్దాయనకు పంపాడు.

జవాబు రావడానికి పది రోజులు పట్టింది. ఇంజను దగ్గరికి తర్వాత వస్తామని, ముందు మీ తనిఖీ పద్ధతి మార్చి రాసి పంపమని. వాళ్ళు మళ్ళీ రావడానికి చాలా నెలలు పట్టింది. పేర్లు రాసే పని సారు నా దగ్గర నుంచి తీసి ఆ అమ్మాయికి ఇచ్చాడు. న్యాయమే. ఫిట్టరును పిలిపించడానికి నేను వెలుగోడు బస్సెక్కి వెళ్ళాను. ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు. బయటికి కూడా రాకుండా, "రిజిస్టర్లో రాసినావంట గదా. దీనికేనా అక్కా నువ్వు చదువు నేర్చింది?" అన్నాడు. దీనికే లేరా అన్నాను. పానా అందియ్యి అన్నాడు. అందించాను.

పద్ధతి మార్చాము. స్లీవూ ఉంటుంది, దాని వెనక ముడీ ఉంటుంది. తీగల దారులు గీసిన బొమ్మ కాగితాల్లో ముడులకు ఒక గడి పెట్టాడు సారు. ఇంజను తిరుగుతుండగా మనిషి దగ్గరికి పోవడం ఆపేశాము, కెమెరా పెట్టాము. అయింది అన్న మాట ఆ గనిలో ఎవరూ వాడకూడదు. ఏది కదిలిందో, ఏ పక్కనో, చెయ్యి పెట్టి చూసి చెప్పాలి.

పెద్దలు రెండోసారి వచ్చిన రోజు సారు మీట నొక్కి రెక్కలు అన్నాడు.

"కుడిపక్క కదిలింది సార్. చెయ్యి పెట్టి సూసినా" అని ఫిట్టరు మైకులో చెప్పాడు. గాలి అంటే ఎడమపక్క అన్నాడు. అన్నీ సరిపోయాయి. సారు నావైపు చూశాడు. నేను లేచి, ఎండలో యాభై అడుగులు నడిచి ఇంజను దగ్గరికి వెళ్ళాను. మొదట ముడులు తడిమాను. తర్వాత కుడి తీగ కింద చెయ్యి దూర్చాను. నాలుగు వేళ్ళు పట్టాయి. ఎడమదాని కింద దూర్చాను. పట్టాయి.

ఫిట్టరును ముందు నడిపించుకుని గదికి వచ్చి, తలుపు వేసి, వేయండి సార్ అన్నాను.